సంధ్య నీళ్లు

కామాటిపుర, పదకొండో గల్లీ
18 జూన్ 2024

తమ్ముడు శంకర్రావుకు,

అక్క వజ్రమ్మ దీవించి రాస్తున్నది. నువ్వు, మరదలు కిష్టమ్మ బాగున్నారనుకుంటాను. మొన్న అల్లుడి ఫోనుకు నువ్వు చేసినప్పుడు నేను ఊకొట్టానే గానీ నాకు ఒక్క ముక్కా వినపడలేదు. చెవికి ఆనిస్తే పిండి గిర్ని తిరిగినట్టు మోత. నువ్వు వానలు పడ్డాయా అని అడిగితే నేను వంకాయ కూర అన్నానట. శీతల్ దానికి ఇంకా నవ్వుతూనే ఉంది. ఇక ఫోనుకు దండం పెట్టి కాగితం మీదికి వచ్చాను. మన తెలుగు బడి పంతులమ్మ, ఉత్తరమంటే పుస్తకం భాషలో ఉండాలని చెవి మెలిపెట్టి నేర్పింది. ఇద్దరికీ ఆ ఒక్క చదువే కదా మిగిలింది. అల్లుడు అతుల్‌కు తెలుగు మాట్లాడటమే వచ్చు, మనవరాలు శీతల్ మరాఠీ బడిపిల్ల. ఈ ఇంట్లో నా రాత చదివేవాళ్లు లేరు కాబట్టి మనసులో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

భాద్రపదం వస్తే సంధ్య పోయి ఏడాది. ఇన్నాళ్లూ నా బిడ్డ పేర కుండలో నీళ్లు పెడుతూనే ఉన్నాను. మన ముత్తాత కట్టడం పనికి ఈ ఊరొచ్చి, పరంజా మీది నుంచి పడి, నీళ్లు నీళ్లు అంటూ పోయాడని నాయన చెప్పేవాడు. అప్పటి నుంచే కదా మనింట్లో ఎవరు పోయినా ఏడాది దాకా వాళ్లకు నీళ్లు పెట్టడం. ఎండనియ్యకూడదు, పారబోయకూడదు, తగ్గినంత పోస్తూ పోవాలి. సంధ్యకైతే ఈ ఆచారం లేకపోయినా నేను పెట్టేదాన్ని. డెంగీతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని, కొలిచి ఇచ్చినంతే తాగాలని డాక్టర్లు అన్నారు. వాళ్లు చెప్పింది న్యాయమే. కానీ అది నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, గొంతు ఎండుతున్నది, ఒక్క గుటక" అని అడుగుతూనే పోయింది.

అసలు సంగతి ఇది. నిన్న మున్సిపాలిటీ నుంచి దోమలవాళ్లు వచ్చారు. మా చాళ్‌లో ఇన్ని గదులకూ నల్లా పొద్దున ఒక్క పూటే వస్తుంది గనుక ప్రతి గడప ముందు పీపాలుంటాయి. అన్నీ మూతలు తీసి చూశారు. గదుల ముందరి గ్యాలరీ మూల సంధ్య కుండ దగ్గర ఒక పిల్లవాడు ఆగాడు. మంగేష్ అని పేరు, రత్నాగిరి వైపు వాడు. కుండలోకి టార్చి వేసి, పక్కవాడి వైపు తిరిగి ఒక మాట అన్నాడు. ఏడిస్.

తమ్ముడూ, నాకు సగం మాటలు వినపడవు. ఆ ఒక్క మాట మాత్రం చెవిలో పడింది. ఏడిసె అన్నాడు. వాడికి తెలుగు ఒక్క ముక్క రాదు. నేను తేరుకునేలోపే కుండ ఎత్తి మోరీలో పారబోశాడు. "అవ్వా, వారానికోసారి కుండ గీకి కడుగు, ఎండబెట్టు" అని మరాఠీలో గట్టిగా అరిచి చెప్పి పోయాడు. నేను అదేమీ పట్టించుకోలేదు. తెలుగు రాని పిల్లవాడి నోట తెలుగు మాట ఎలా వచ్చింది? కుండలో చూస్తూ నా బిడ్డ ఏడ్చిందని ఎందుకన్నాడు?

నువ్వు తప్ప అడగడానికి నాకెవరూ లేరు. వెంటనే రాయి.

నీ అక్క
వజ్రమ్మ

*

మక్తల్ దగ్గర
2 జూలై 2024

అక్కకు తమ్ముడి దండాలు.

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం సయించలేదు. కిష్టమ్మకు చదివి వినిపిస్తే, "గా పిలగాడు ఇంకేదో అన్నడేమో, ఒదినకు చెవులు సక్కగ లెవ్వుగద" అంది. దానికి అన్నీ అనుమానాలే. పెళ్లిచూపుల్లో నన్ను చూసి కూడా, ఈయన మెల్లకన్నేమో అందట.

నాకు మాత్రం అనుమానం లేదు. పోయినవాళ్లు తమ నోటితో మాట్లాడలేరు, దగ్గరున్న వాళ్ల నోరు అరువు తీసుకుంటారు. సంధ్య ఏడుస్తోందంటే రెండే కారణాలు. ఒకటి దాహం. రెండోది బిడ్డ మీద బెంగ. నువ్వు మళ్లీ కుండ పెట్టు. ఈసారి గ్యాలరీలో వద్దు, మున్సిపాలిటీ కళ్లు పడతాయి. మనింట్లో అటక ఉంది కదా, చిన్నప్పుడు నేను మార్కుల కాగితం దాచిన చోటు, అక్కడ పెట్టు. శీతల్‌ను రోజూ కాసేపు దాని పక్కన కూర్చోబెట్టు. కన్నబిడ్డ దగ్గరుంటే తల్లి ప్రాణం కుదుటపడుతుంది.

ఇక్కడా దోమల గోలే. వారానికోసారి, శుక్రవారం నాడు, ఊరంతా తొట్లు ఖాళీ చెయ్యాలని పంచాయతీ వాళ్లు మైకులో చెబుతున్నారు. శుక్రవారం పూట ఇంట్లోంచి నీళ్లు పారబోస్తే లక్ష్మి వెళ్లిపోతుందని కిష్టమ్మ పట్టు. చివరికి గురువారం సాయంత్రమే తొట్లన్నీ కడిగి బోర్లించి, శుక్రవారం వాళ్లకు బోర్లించిన తొట్లు చూపిస్తోంది. లక్ష్మీ పోలేదు, పంచాయతీకీ కోపం రాలేదు. మేనకోడలి పేర నేనూ గోడ వారగా ఒక ముంత పెట్టాను. దాన్ని మాత్రం ఎవరినీ ముట్టుకోనియ్యడం లేదు. అది నిలవ నీళ్ల లెక్కలోకి రాదు, సంధ్య నీళ్లు.

ధైర్యంగా ఉండు అక్కా. ఏడాది దగ్గరికొచ్చింది.

శంకర్రావు

*

కామాటిపుర
21 జూలై 2024

తమ్ముడికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. అటక మీద పాత ట్రంకు పక్కన కుండ పెట్టాను. నాకు నిచ్చెన ఎక్కాలంటే మోకాళ్లు సహకరించవు. శీతలే చెంబుతో నీళ్లు పట్టుకెళ్లి తగ్గినంత పోసి వస్తోంది. బడి నుంచి రాగానే పైకెక్కి అక్కడే రాసుకుంటుంది, చదువుకుంటుంది. కింది నుంచి నాకు దాని కాళ్లే కనిపిస్తాయి. మొదట్లో భయపడింది. "మీ అమ్మ దగ్గర నీకేం భయం" అన్నాను. ఇప్పుడు తనంతట తానే ఎక్కుతోంది. కుండతో మాట్లాడుతుందని అతుల్ నాతో దెబ్బలాడాడు. "పిల్లని గిట్ల చెయ్యకు అత్తమ్మా, అదింక అటకనే దిగుతలేదు" అన్నాడు. సంధ్య పోయాక ఆ పిల్ల నవ్వింది ఇప్పుడే అని నేనన్నాను. అతను డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఇంకో మాట. నీళ్లు కదులుతున్నాయి. నిన్న శీతల్ చెప్తే నమ్మలేదు. ఎలాగో నాలుగు మెట్లు ఎక్కి చూశాను. కిటికీ మూసే ఉంది, ఫ్యాను లేదు, కుండను ఎవరూ ముట్టుకోలేదు. అయినా పైన నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. నా కళ్లకు శుక్లం పొర ఉంది కదా, ఇంకేమీ కనిపించలేదు. నేను వంగి "సంధ్యా" అన్నాను. ఒక్కసారిగా నీళ్లలో కలకలం లేచి, మళ్లీ ఆగిపోయింది. పిలిస్తే పలికినట్టే ఉంది. నాకు దిగబుద్ధి కాలేదు.

గల్లీలో జ్వరాలు మొదలయ్యాయి. వెనక పాత చాళ్ పడగొట్టి కొత్తది కట్టేచోట గుంతల నిండా వాననీళ్లు. అక్కడ పనిచేసే మన పాలమూరు పిల్లలు ఇద్దరు జ్వరంతో ఊరికి బండెక్కారు. పక్కింటి సీమా కొడుకు మంచం పట్టాడు. ఆమె నా గడపలో నిలబడి, "వజ్రమ్మవ్వా, మీ ఇంట్ల దోమలు గిన్ని ఎందుకున్నయి, ఏడికెల్లి వస్తున్నయి" అని అడిగింది. నేను మోరీ అన్నాను. మంగేష్ మళ్లీ వచ్చాడు. డెంగీ దోమ మోరీలో కాదు, ఇంట్లో మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుందట, పగలే కుడుతుందట, ఇంకెక్కడైనా నీళ్లు ఉన్నాయా అని అడిగాడు. లేవన్నాను. వాడు అటక వైపు చూస్తే నిచ్చెన విరిగిందన్నాను. దోమల మందు పొగ కొట్టే బండి వచ్చినప్పుడు సంధ్యకు ఆ పొగ తగలకూడదని శీతల్‌తో కుండకు బట్ట కప్పించాను.

నేను చేసేది సరైనదేనా తమ్ముడూ? నువ్వు సరే అంటే నాకు నిద్ర పడుతుంది.

వజ్రమ్మ

*

మక్తల్ దగ్గర
9 ఆగస్టు 2024

అక్కకు,

నీళ్లు పలికాయని చదివి నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. సంధ్య చిన్నప్పుడు గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో నా చెయ్యి వదిలి తప్పిపోయి, పేరు పెట్టి పిలిస్తే బెంచీ కింద నుంచి పలికి దొరికిన పిల్ల. పిలిస్తే పలకడం దానికి అప్పటి నుంచే అలవాటు. నువ్వు చేసేది సరైనదే. అనుమానం పెట్టుకోకు.

నా మాట విని కుండ మార్చు. చిన్నది చాలడం లేదేమో. నోరు వెడల్పుగా ఉండే పెద్ద కుండ తెప్పించి, పాత నీళ్లు పారబోయకుండా అందులోనే పోసి నింపు. ఇల్లు మారినట్టు దానికి తెలియకూడదు. శీతల్‌ను సెలవు రోజుల్లో ఇంకాసేపు కూర్చోనియ్యి. అతుల్‌కు నేను ఫోన్ చేసి సర్దిచెప్తాను, మంచివాడు, వింటాడు.

ఇక్కడ కంది బాగా లేచింది. కిష్టమ్మ నీకోసం చింతకాయ తొక్కు తీసి ఉంచుతానంటోంది. సంవత్సరీకానికి ఇద్దరం వస్తాం, తెస్తాం.

శంకర్రావు

*

ఆస్పత్రి నుంచి
12 ఆగస్టు 2024

తమ్ముడూ,

శీతల్‌కు జ్వరం. ముందు మామూలుదే అనుకున్నాం. కళ్ల వెనక నొప్పి అని ఏడ్చింది, ఒళ్లంతా ఎర్రగా పొక్కింది. అతుల్ ఎత్తుకుని పరిగెత్తాడు. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయట. సంధ్యకూ అప్పుడు ఇదే మాట అన్నారు, ఇలాంటి వార్డులోనే, ఇలాగే గోడ వైపు తిరిగి పడుకుంది.

నాకొకటి చెప్పు. తల్లి బిడ్డను పిలుచుకుంటోందా? పక్కన కూర్చోబెట్టమని నువ్వు రాశావు, నేను కూర్చోబెట్టాను. నీళ్లు కదిలింది శాంతించడానికి కాదేమో, ఆ పిల్ల చెయ్యి అందుకోవడానికేమో. మత్తులో శీతల్ "మమ్మీ, ఆలే" అంది. వచ్చాను అమ్మా అని. నేను దాని నోరు మూశాను.

నాకు అన్నీ పోయి ఇది మిగిలింది. సంధ్యను ఎలా బతిమాలాలో రాయి. అది నా మాట కంటే నీ మాటే వినేది.

వజ్రమ్మ

*

మక్తల్ దగ్గర
19 ఆగస్టు 2024

అక్కా,

నీ ఉత్తరం అందింది. నేను వెనకటి వారం వేసిన ఉత్తరం, పెద్ద కుండ పెట్టమన్నది, నీకు అందే ఉంటుంది. దాన్ని చదవకుండా చింపెయ్యి. అతుల్‌కు ఫోన్ చేశాను, ఎత్తి వెంటనే పెట్టేశాడు. పిల్ల ఎలా ఉందో తెలియదు. నాకు ఆయాసం, బస్సెక్కలేను. లేకపోతే ఈపాటికి అక్కడ ఉండేవాడిని.

నన్ను అడిగావు కాబట్టి చెప్తున్నాను. కుండను ఖాళీ చెయ్యకు. ఏడాది నిండడానికి నెల కూడా లేదు. ఇప్పుడు ఆ నీళ్లు తీసేస్తే సంధ్యకు కోపం వస్తుంది, అప్పుడు పిల్లను మన చేతుల్లో ఉంచదు. నిండా పోసి, బిడ్డను వదిలెయ్యమని మొక్కు.

కిష్టమ్మ నా మీద అరిచింది. అదీ రాయకపోతే తప్పవుతుంది. "సచ్చినామెకు నీళ్ల దూప ఏంది, బతికిన పోరికి పాణం మీదికొస్తే. పారబొయ్యమను. సంధ్యకు కోపమొస్తె నాకు తగలనియ్యి" అంది. నలభై ఏళ్లలో అది నా ముందు అంత గొంతెత్తడం ఇదే. నేను వద్దంటున్నాను, అది పారబొయ్యమంటోంది. నువ్వు కన్నతల్లివి. నీ చేతుల్లో పెడుతున్నాను.

శంకర్రావు

*

కామాటిపుర
2 సెప్టెంబర్ 2024

తమ్ముడికి,

శీతల్ ఇంటికొచ్చింది. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో, తక్కినది తర్వాత చదువు. ఒళ్లు పుల్లలా అయింది, జుట్టు రాలుతోంది, కానీ పప్పన్నం అడిగి తిన్నది. అతుల్ నాతో ఇంకా మాట్లాడడం లేదు. అతని కోపం న్యాయమే.

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు చూశాను. పెద్ద కుండ పెట్టమన్నదీ, పారబోయొద్దన్నదీ. అప్పటికే నేను చెయ్యాల్సింది చేసేశాను.

ఆస్పత్రిలో శీతల్‌కు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండమని నాకు అప్పగించారు. చెంచాతో నీళ్లు, ఉప్పూ చక్కెర కలిపిన నీళ్లు, కొబ్బరి నీళ్లు. అది వద్దంటే బతిమాలాను, తిట్టాను. కళ్లు తెరిచి నిలకడగా చూసిన రోజున నేనూ తల ఎత్తి చుట్టూ చూశాను. మంచానికి ఎదురుగా గోడ మీద పెద్ద బొమ్మ ఉంది. కాళ్ల మీద తెల్లచారలున్న దోమ. కింద మరాఠీలో పేరు. దుకాణాల బోర్డులు చూసి నేర్చిన అక్షరాలు, నా పొరకళ్లతో కూడబలుక్కుని చదివాను. ఏడిస్.

"ఇదేందమ్మా, దోమ కింద ఏడిసె అని ఎందుకు రాసిండ్రు" అని శీతల్‌ను అడిగాను. అది నీరసంగా, "అది దాని పేరు అమ్మమ్మా. డెంగీ దోమ. మాకు బడిల చెప్పిండ్రు" అంది.

తమ్ముడూ, ఎవరూ ఏడవలేదు. ఆ రోజు మంగేష్ తన పక్కవాడికి చెప్పింది అంతే, ఈ కుండలో డెంగీ దోమ పిల్లలు ఉన్నాయని. నేను దాన్ని నా బిడ్డ ఏడుపనుకున్నాను. వాడు పారబోస్తే మళ్లీ పెట్టాను. అడిగితే అబద్ధమాడాను. పొగ తగలకుండా బట్ట కప్పించాను. సంధ్యను చంపినదాని పిల్లలకు సంధ్య పేర నీళ్లు పోసి పెంచాను. దాని కూతురిని తీసుకెళ్లి వాటి పక్కన కూర్చోబెట్టాను.

అతుల్‌ను పిల్ల దగ్గర ఉంచి ఇంటికి నడిచాను. ఫోరస్ రోడ్ మీద మంగేష్ వాళ్లు వాననీళ్లు నిలిచిన ఒక దుకాణం టార్పాలిన్ దించుతున్నారు. మంగేష్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. నిచ్చెన విరగలేదని, అటక మీద నీళ్లున్నాయని చెప్పాను. వాడు తిడతాడనుకున్నాను. ఏమీ అనలేదు. కుండ దించి గ్యాలరీలో వెలుతురులో పెట్టి, గరిటెతో కొన్ని నీళ్లు తెల్ల పళ్లెంలో పోశాడు. అప్పుడు కనిపించాయి. వెంట్రుకల్లాంటి పురుగులు, తోకలాడిస్తూ. వంగితే నీడ పడి కిందికి దూకుతాయట. నేను సంధ్యా అని పిలిచినప్పుడు నాకు పలికింది అదే.

వాడు పారబోయబోతే ఆపాను. నేనే పోస్తానన్నాను. గ్యాలరీ చివర ఎండ పడే చోట నేల మీద పోశాను. నీళ్లు పరుచుకుని, అవి కాసేపు కొట్టుకుని ఆగిపోయాయి. తెలిసిన తర్వాత కూడా, పోస్తున్నంతసేపూ నాకు సంధ్యను రెండోసారి కాటికి పంపినట్టే ఉంది. తర్వాత కొబ్బరి పీచుతో కుండ లోపల గీకాను. ఊరికే కడిగితే చాలదట. గుడ్లు అంచుకు అంటుకుని ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. ఆ ఇసుకరవ్వంత నల్లచుక్కలు నా వేళ్లకు తగిలాయి.

శీతల్‌ను ఎక్కడి దోమ కుట్టిందో ఎవరూ చెప్పలేరని మంగేష్ అన్నాడు. మంచి పిల్లవాడు. సీమా ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. ఆమె కొడుకు లేచి తిరుగుతున్నాడు. నా మాట మొత్తం విని తలుపు వేసుకుంది. అయినా ఇప్పుడు దోమలవాళ్లు వచ్చినప్పుడల్లా నేను వెంట వెళ్తున్నాను. వాళ్ల మరాఠీ మన ముసలివాళ్లకు ఎక్కదు. పీపా ఖాళీ చెయ్యండి, గీకండి, ఎండనియ్యండి, గుడ్డ బిగించి కట్టండి అని తెలుగులో అరుస్తున్నాను. మన చుట్టాలవే ఇంకో రెండిళ్లలో పోయినవాళ్ల పేర పెట్టిన ముంతలు దొరికాయి. వాళ్లు నాకు శాపనార్థాలు పెట్టారు. పెట్టనియ్యి.

నీ గోడ వార ముంత ఈ ఉత్తరం చదవగానే పారబోసి గీకు. కిష్టమ్మ కాళ్లకు దండం పెట్టానని చెప్పు. నాకంటే చిన్నదైనా సరే. సంవత్సరీకానికి రండి. అన్నం పెడదాం, బట్టలు పెడదాం, పేరు తలుచుకుందాం. నీళ్లు మాత్రం నిలవ పెట్టను.

నీకు తప్ప ఎవరికీ చెప్పలేని మాట ఒకటుంది. అంతా తెలిసింది కదా, సంధ్య ఇక అడగదనుకున్నాను. నల్లా వచ్చే వేళకు గ్యాలరీలో బిందెలు, అరుపులు, అందరి నోళ్లూ కదులుతుంటాయి, నాకేమీ వినపడదు. అప్పుడే నా వెనక నుంచి వస్తుంది. అమ్మా, ఒక్క గుటక అని. దోమ కాదు, ఎవరో మరాఠీలో అన్నది కాదు. నా బిడ్డ గొంతు నాకు తెలుసు. వెనక్కి తిరగకుండా బిందె నింపుకుని, మూత పెట్టి, దాని మీద గుడ్డ కడుతున్నాను.

సంధ్య ఇంకా అడుగుతూనే ఉంది తమ్ముడూ. నేను పోయడం లేదు.

అక్క
వజ్రమ్మ